సంద్రం సెయ్యి, కొండ సెయ్యి

మొన్న ఆదివారం పొద్దున్న స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు పెట్టి ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుంటే ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. చెయ్యి కడుక్కుని చూస్తే పాత బడి గ్రూపు. చిన్నపిల్లల బడిలో పనిచేసే రోజుల్లో, డాన్సు క్లాసు తల్లిదండ్రుల కోసం నేనే పెట్టిన గ్రూపు అది. ఆరేళ్ళయింది. ఇప్పుడు పండగలకి పువ్వుల బొమ్మలు తప్ప అందులోకి ఇంకేం రావు. ఒక తల్లి రాసింది: "మన పిల్లల డాన్స్ మేడమ్ పోయారట. జాలరిపేటలో చేపలమ్మే ఆవిడ చెప్పింది. గుండెనొప్పట."

దాని కింద దణ్ణాల బొమ్మలు. ఒకదాని కింద ఒకటి, పాతిక ముప్పై దాకా. ఒక్కరూ పేరు రాయలేదు. ఎవరికీ పేరు గుర్తున్నట్టు లేదు. కాసేపటికి ఒకాయన అడిగాడు, మేడమ్ ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి అని. ఎవరూ పెట్టలేదు.

నాకు కళ్ళనీళ్ళు రాలేదు. కోపం వచ్చింది. ఆవిడ మీద నాకు ఎప్పుడూ వచ్చింది అదే, పోయిందని తెలిశాక కూడా ముందు అదే వచ్చింది. చుట్టూ ఇంతమంది, చేతుల్లో ఇన్ని ఫోన్లు, ఒక్కదాంట్లోనూ పడకుండా ఎలా తప్పించుకుంది ఈ మనిషి!

బడి బీచి రోడ్డుకి పైన, ఎత్తు మీద ఒక సందులో అద్దె మేడలో ఉండేది. కింద ఆటలు, పాటలు. పైన రేకుల షెడ్డులో డాన్సు. మూడు నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలు పన్నెండుమంది. నేను కోఆర్డినేటర్ని. పేరు పెద్దదే గాని, పిల్లలు ఎంత బాగా నేర్చుకుంటున్నారో వాళ్ళ అమ్మానాన్నలకి ఎప్పటికప్పుడు చూపిస్తూ ఉండడమే నా పని. శుక్రవారం వీడియో, నెలాఖరుకి రిపోర్టు, ఏడాదికోసారి ప్రదర్శన. చూపించకపోతే పిల్లల్ని మాన్పించి మద్దిలపాలెంలో ఏసీ ఉన్న బడికి పంపేస్తారని ప్రిన్సిపాల్ మేడమ్ రోజూ పొద్దున్నే నాకు గుర్తుచేసేవారు. ఆ భయంతోనే నేను టీ తాగేదాన్ని.

ఆవిణ్ణి పిల్లలు డాన్సమ్మ అనేవారు. యాభై దాటిన మనిషి, పొట్టి. ముతక నూలు చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకునేది. మెట్లెక్కగానే చెప్పులు విప్పి నీళ్ళ టాంకు కింద, ఒకదాని మీద ఒకటి పెట్టేది. ఎప్పుడూ అక్కడే. తర్వాత పన్నెండుమందినీ వరసగా కూర్చోబెట్టి కాళ్ళు చాపమనేది. ఒక్కొక్క పాదాన్నీ అరచేత్తో పట్టుకుని చూసేది. "సల్లగున్నాయి. ఇంకా నిద్దర్లోనే ఉన్నాయి," అనేది. క్లాసు అయ్యాక పిల్లలు చెప్పకుండానే మళ్ళీ కూర్చుని కాళ్ళు చాపేవారు. ఆవిడ మళ్ళీ పట్టుకుని చూసేది. పాదం వెచ్చబడితే ఆ పిల్ల ఆ రోజు ఆడినట్టు, లేకపోతే ఒట్టినే నిలబడినట్టు. అంతకు మించి పరీక్ష లేదు, మార్కుల్లేవు.

"ఈ పాదాల వేడి నేను వాట్సాప్‌లో ఎలా పంపను టీచరుగారూ?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"పంపడమేటి మేడమ్? ఆలనే రమ్మనండి. పట్టుకు సూసుకుంటారు," అంది.

అది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆఫీసులు మానుకుని వచ్చి అమ్మానాన్నలు పిల్లల కాళ్ళు పట్టుకుని కూర్చుంటారా? చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ అనుకున్నాను.

రిపోర్టు కాగితం నేనే తయారుచేశాను. తాళం, కదలిక, ధైర్యం, కలివిడితనం అని నాలుగు గళ్ళు. ఒక్కో గడిలో అయిదు నక్షత్రాల దాకా పెట్టొచ్చు. ఎవరికీ మూడుకి తక్కువ పెట్టకూడదని ప్రిన్సిపాల్ మేడమ్ మాట. డాన్సమ్మ నక్షత్రాల జోలికే పోయేది కాదు. నాలుగు గళ్ళ మీదుగా అడ్డంగా ఒక్క వాక్యం రాసేది, నోటితో అన్నట్టే. "పక్కోల కాలు తొక్కడం మానీసినాడు." "ముందల పాటంతా ఏడిసీది, ఇప్పుడు సగం పాటకి ఆపేత్తంది." "ఎగరడం వొచ్చింది. దిగడం ఇంకా రాలేదు."

ఇవి పట్టుకెళ్ళి నేను ఎవరికివ్వను? నెలకోసారి తలుపేసుకుని కూర్చుని, ఆవిడ రాసినవన్నీ నా భాషలోకి దింపేదాన్ని. ఎగరడం వచ్చి దిగడం రాని పిల్లాడు నా కాగితంలో ఉత్సాహం మెండుగా ఉన్న పిల్లాడయ్యేవాడు, నియంత్రణలో మంచి పురోగతి, నాలుగు నక్షత్రాలు. ఆవిడ అసలు కాగితాలు నా బల్ల సొరుగులో దాచేదాన్ని. పన్నెండుమంది పిల్లలు, పన్నెండు అబద్ధాలు అని నాకు నేనే నవ్వుకునేదాన్ని. తర్వాత చిరాకు పడేదాన్ని.

ఒకసారి పొరపాటున ఒక తండ్రి చేతిలో ఆవిడ రాసిన కాగితమే పెట్టేశాను. ఆయనది స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, వారానికోసారి సెలవున్న రోజు తప్ప బడి దగ్గర కనిపించేవాడు కాదు. కూతురు లాస్య. ఆ పిల్ల చేరిన మొదటి నాలుగు నెలలూ షెడ్డు గోడకి ఒక చెయ్యి ఆనించి నిలబడేది. పాట వస్తే కాళ్ళు కొంచెం కదిలేవి, చెయ్యి మాత్రం గోడ వదిలేది కాదు. డాన్సమ్మ ఒక్కనాడూ రమ్మని లాగలేదు. క్లాసయ్యాక తనే గోడ దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల పాదం పట్టుకుని చూసొచ్చేది.

"మా పాప ఏటి నేర్సుకున్నాదండి?" అని అడిగాడాయన. నేను ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ కాగితం ఇచ్చేశాను. అందులో ఒక్కటే ముక్క. "గోడ ఒగ్గీసింది."

ఆయన రెండుసార్లు చదివాడు. గబగబా సొరుగు లాగి నా కాగితం తీశాను. "అది చిత్తు కాపీ అండీ. ఇదీ అసలుది. ధైర్యంలో నాలుగు నక్షత్రాలు," అన్నాను.

"గోడ ఒగ్గీసిందా?" అన్నాడాయన మళ్ళీ, నన్ను కాదు, తనలో తాను. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నా నక్షత్రాలు బల్ల మీదే మర్చిపోయాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు, అవమానంగా మాత్రం అనిపించింది.

శుక్రవారం వీడియోల సంగతి ఇంకో తలనొప్పి. క్లాసులోకి ఫోను తేకూడదనేది ఆవిడ. నేను తలుపు సందులోంచి దొంగలా తీసేదాన్ని. ఎవడో ఒకడు చూసేసేవాడు. చూడగానే పన్నెండుమందీ ఆట ఆపేసి, తల పక్కకి వాల్చి, రెండు వేళ్ళు బుగ్గ దగ్గర పెట్టి పళ్ళు బయటపెట్టి నిలబడిపోయేవారు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు నేర్పారో గాని ఫోను కనిపిస్తే చాలు అదే భంగిమ. "సూసినారా మేడమ్? ఫోనొచ్చింది, ఆటెల్లిపోయింది," అనేది డాన్సమ్మ. ఆ మాట నిజమే. నిజమే కాబట్టి ఇంకా మండేది.

ఇక కుడి ఎడమల గొడవ. మూడేళ్ళ పిల్లకి కుడి చెయ్యేదో ఎడమ చెయ్యేదో తెలీదు కదా. మిగతా బళ్ళల్లో కుడి చేతికి ఎర్ర రిబ్బను కడతారు. ఆవిడ కట్టనివ్వలేదు. మా షెడ్డుకి ఒక పక్క సముద్రం కనిపించేది, హార్బరు బయట వరసగా ఆగివున్న ఓడలతో సహా. రెండో పక్క ఇళ్ళ కప్పుల వెనక కొండ. ఆవిడకి ఎదురుగా నిలబడితే పిల్లలకి సముద్రం కుడివైపు వచ్చేది. అందుకని కుడి చెయ్యి సంద్రం సెయ్యి, ఎడమ చెయ్యి కొండ సెయ్యి. కాళ్ళూ అంతే. "సంద్రం సెయ్యి పైకి! కొండ కాలు ముందరికి!" ఎవరైనా తప్పు చెయ్యి ఎత్తితే తప్పు అనేది కాదు. "సంద్రం ఎటున్నాదమ్మా?" అని అడిగేది. ఆ పిల్ల తల తిప్పి ఓడల్ని చూసి చెయ్యి మార్చుకునేది. మూణ్ణెల్లయ్యేసరికి చూడకుండానే ఎత్తడం వచ్చేసింది అందరికీ.

"వేరే చోటికి వెళ్తే ఏం చేస్తారు టీచరుగారూ?" అన్నాను.

"ఈ ఊర్లో ఏ మూలకెల్తే సంద్రం ఉండదేటి మేడమ్?" అంది. ఆవిడ ఆటోవాళ్ళకి కూడా అలాగే చెప్పేది, సంద్రం పక్కకి తిప్పు నాయనా, కొండ పక్కకి ఆపు అని. వాళ్ళు కూడా తిప్పేవారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఇంకొకటుంది. చిన్నపిల్లల డాన్సు ప్రదర్శన ఎక్కడ చూసినా టీచరు స్టేజీ ముందు, కింద, ప్రేక్షకులకి కనపడకుండా చతికిలబడి ప్రతి అడుగూ చేసి చూపిస్తుంటుంది. పిల్లలు ఆవిణ్ణి చూసి చేస్తారు. అందుకే ఆ వీడియోలన్నిట్లో పిల్లల చూపులు నేల మీద ఒకే చోట ఉంటాయి. అందరికీ తెలిసిన ఏర్పాటే, ఎవరికీ అభ్యంతరం లేదు. ఈవిడ మాత్రం కూర్చోదు. "నాను ముందర కూకుంటే ఆడింది నానవుతాను మేడమ్. పిల్లలు కాదు."

ఆ ఏడాది మార్చిలో నలుగురు తల్లిదండ్రులు వచ్చి ప్రిన్సిపాల్ మేడమ్ ముందు కూర్చున్నారు. ఏడాదిగా మా పిల్లలు ఏం నేర్చుకున్నారో మాకు కనిపించడం లేదు, ఈసారి ప్రదర్శన చూసి నిర్ణయించుకుంటాం అన్నారు. వాళ్ళు వెళ్ళాక ప్రిన్సిపాల్ మేడమ్ నాతో ఒక్కమాట అన్నారు: "ఇది బాగా జరక్కపోతే ఆవిడ క్లాసు ఉండదు. చెప్పు ఆవిడకి."

చెప్పాను. డాన్సమ్మ నీళ్ళ టాంకు దగ్గర చెప్పులు వేసుకుంటోంది. "పిల్లలికొచ్చు మేడమ్," అంది. "పన్నెండుమందికీ వొచ్చు. ఒకల్నొకలు సూడకుండా, నన్ను సూడకుండా ఆడతారు. నాను నేర్పింది అదొక్కటే. అదే సూపిద్దాం." రెండో చెప్పు తొడుక్కుని, "ఈ క్లాసు నాకు గావాల మేడమ్," అంది. ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు, అదే చివర.

ప్రదర్శనకి బీచికి దగ్గర్లో ఒక మూడో అంతస్తు హాలు తీసుకున్నాం. పొడుగ్గా ఉంటుంది, స్టేజీ లేదు, ఒక పక్కంతా కిటికీలు, కిటికీల్లో సముద్రం. ముందురోజు డాన్సమ్మ వచ్చింది. హాలు మధ్యలో నిలబడి కిటికీల వైపు చూసింది. ఆ చివర కుర్చీలు, ఈ చివర పిల్లలు అంది. "పిల్లల సంద్రం సెయ్యి ఈ కిటికీల పక్కకి రావాల. మర్సిపోకండి మేడమ్." చీర కొంగు ముడిలోంచి సుద్దముక్క తీసి, పిల్లలు నిలబడాల్సిన చోట నేల మీద గీత గీసింది. నేను తలూపాను. నా ధ్యాసంతా బ్యానరు మీద ఉంది.

మర్నాడు ఎనిమిదింటికే వెళ్ళాను. ఫోటోగ్రాఫరు వచ్చి సుద్దగీత దగ్గర నిలబడి, "మేడమ్, బేక్‌గ్రౌండు సూసినారా?" అన్నాడు. చూశాను. పిల్లల వెనక గోడకి రెండు తలుపులు, మరుగుదొడ్లవి. ఒకదాని మీద ఆడబొమ్మ, ఒకదాని మీద మగబొమ్మ. ప్రతి ఫోటోలోనూ పిల్లల నెత్తిమీద అవే పడతాయి. బ్యానరు కట్టడానికి కూడా వీల్లేదు, ఎవరో ఒకరు తలుపు తీసుకుని వెళ్ళాలి కదా. రెండో చివర గోడ నున్నగా, ఖాళీగా ఉంది. కుర్చీలన్నీ ఆ గోడకి ఎదురుగా తిప్పించి, బ్యానరు దాని మీద కట్టించేశాను. పది నిమిషాల పని.

నిజం చెప్తాను. సుద్దగీత కనిపించింది. ఆవిడ మాట గుర్తొచ్చింది కూడా. మూడేళ్ళ పిల్లలకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. చెప్పుకాలితో గీత చెరిపేశాను.

పదిన్నరకి డాన్సమ్మ పిల్లల్ని రెండు ఆటోల్లో తీసుకొచ్చింది. అప్పటికి హాలు నిండింది. తాతలు, అమ్మమ్మలు, బాబాయిలు, అందరి చేతుల్లో ఫోన్లు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"కుర్సీలు తిప్పేసినారేటి మేడమ్?"

"ఫోటోల కోసం. వెనక ఆ తలుపులు పడుతున్నాయి."

"పది నిమిసాలివ్వండి. తిప్పేద్దాం. నానూ ఓ సెయ్యేత్తాను."

"ఇంతమందిని ఎలా లేపను టీచరుగారూ? ఇదొక్కసారికి మీరు ముందు కూర్చుని చూపించెయ్యండి. వాళ్ళే చేస్తారు."

ఆవిడ నా వైపు చూసింది. "ముందర కూకోను," అంది. తర్వాత, "మరి పిల్లల్నేటీ అనొద్దు మీరు," అని వాళ్ళని తీసుకెళ్ళి వరసల్లో నిలబెట్టింది. తను వెళ్ళి వాళ్ళ వెనక, బ్యానరు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

పాట మొదలైంది. మొదటి అడుగు సంద్రం సెయ్యి పైకి. పన్నెండు కుడి చేతులూ లేచాయి, ఒక్కటి తప్పు లేకుండా. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ముందు వరసలో లాస్య తన చేతిని తనే చూసుకుంది. చెయ్యి గోడ వైపుంది. తల తిప్పి కిటికీ చూసింది. ఓడలు అటున్నాయి. మళ్ళీ చెయ్యి చూసుకుంది. ఎత్తిన చెయ్యి దించకుండా, అలాగే గిర్రున వెనక్కి తిరిగిపోయింది. ఇప్పుడు చెయ్యి సముద్రం వైపుంది. అదే సమయానికి వెనక వరసలో ఆ చివరున్న ఇద్దరు, లాస్య కనపడే అవకాశమే లేనివాళ్ళు, వాళ్ళంతట వాళ్ళే తిరిగారు. రెండో చరణం వచ్చేసరికి పన్నెండుమందీ మాకు వీపు పెట్టేశారు.

అలాగే పాటంతా ఆడారు. తల్లులు రాత్రంతా కూర్చుని తళుకులన్నీ ముందువైపే అతికించారు, మాకు కనిపించినవి వెనక పెట్టిన పిన్నీసులు. "ఇటు! ఇటు తిరుగమ్మా!" అని కేకలు. ఒక తల్లి పరిగెత్తుకెళ్ళి కొడుకుని భుజాలు పట్టి ఇటు తిప్పింది. వాడు ఆ అడుగు పూర్తిచేసి మళ్ళీ అటు తిరిగాడు. నేను చూశాను. చూశాను కాబట్టే చెప్తున్నాను, ఒక్కరు పక్కవాళ్ళని చూడలేదు. ఏ కాలూ ఆలస్యం కాలేదు. ఎగరడం వచ్చి దిగడం రాని పిల్లాడు చక్కగా దిగాడు.

పాట అయిపోగానే పన్నెండుమందీ రోజూలాగే కూర్చుని కాళ్ళు చాపారు, అటువైపే, ఆవిడ వైపు. ఆవిడ కూడా రోజూలాగే వచ్చి కూర్చుని పాదాలు పట్టుకుని చూడ్డం మొదలుపెట్టింది. హాల్లో అరవైమంది ఉన్నారన్న ధ్యాస లేదు. నాకు తల కొట్టుకోవాలనిపించింది. వన్ టౌన్‌లో హోల్‌సేలు షాపున్న ఒక తండ్రి అప్పటికే లేచి నా మీదికి వస్తున్నాడు, ఆయన్ని ఆపడానికి నేను గుమ్మం వైపు పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూసే తీరిక నాకు లేకపోయింది.

ఎంతసేపు సర్దిచెప్పినా వినలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ రాగానే, "పిల్లలికేటీ రాదు మేడమ్," అన్నాడాయన అందరికీ వినపడేలా. "ఎనకాల నిలబడి ఆవిడ సేసి సూపిత్తంది, ఆలు అటు తిరిగి సూసి సేత్తన్నారు. ఏడాది నేర్పింది ఇదేనేటి?"

అందరూ తలలూపారు. అంతకంటే అర్థమయ్యే కారణం ఇంకేముంది? ప్రిన్సిపాల్ మేడమ్ నా వైపు తిరిగి, "అంతేనా?" అన్నారు.

కుర్చీలు తిప్పింది నేను అనడానికి ఎంతసేపు పడుతుంది? నా నోట్లోంచి వచ్చింది వేరు. "కనుక్కుంటాను మేడమ్," అన్నాను.

డాన్సమ్మ దూరం నుంచి అదంతా వింది. తను కూడా ఏమీ అనలేదు. ఆవిడ అని ఉంటే నేను ఒప్పుకునేదాన్నేమో. ఇప్పటికీ నాకు ఆవిడ మీద ఉన్న కోపం అదే. మెట్లు దిగుతూ నా పక్కనుంచి వెళ్తూ, "పన్నెండుమంది పాదాలూ ఏడెక్కినాయి మేడమ్," అని మాత్రం చెప్పింది. అది ఆ నెల రిపోర్టు.

ఏప్రిల్‌లో ఆవిణ్ణి రావద్దన్నారు. ఆ మాట చెప్పే పని కూడా నాకే పడింది. మరుసటి ఏడాది ఒక మాస్టారు వచ్చాడు. ప్రదర్శనలో ముందు కూర్చుని చేసి చూపించాడు, పిల్లలందరూ నేల మీద ఒకేచోట చూస్తూ బ్రహ్మాండంగా ఆడారు. అందరికీ అయిదు నక్షత్రాలు. ఆ ఏడాది నేను రాసిన రిపోర్టుల్లో నాకు ఒక్క పిల్ల మొహం కూడా గుర్తులేదు.

తర్వాత ఆవిణ్ణి ఒకేసారి చూశాను, మద్దిలపాలెం డిపో ముందు బస్సు కోసం నిలబడి ఉంటే. చేతిలో చేపల సంచీ. ఇక చెప్పేద్దామని దగ్గరికెళ్ళాను. "టీచరుగారూ, ఆ రోజు కుర్చీలు..." అన్నానో లేదో, "ఆ గోడ పిల్ల ఏ బడికెల్తంది మేడమ్ ఇప్పుడు?" అని అడిగింది. తెలీదన్నాను. "కనుక్కోవాల కదా," అని నన్నే కసిరింది. బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. క్షమించమని అడిగే వీలు కూడా ఇవ్వని మనిషి.

మొన్న ఆదివారం ఆ దణ్ణాల బొమ్మలు చూస్తూ కూర్చుంటే ఇక ఆగలేకపోయాను. గ్రూపులో రాశాను. "ఆ రోజు పిల్లలు వెనక్కి తిరిగింది మేడమ్‌ని చూసి చెయ్యడానికి కాదు. వాళ్ళకి సముద్రం వైపు చెయ్యి ఎత్తడం నేర్పారావిడ. నేను కుర్చీలు తిప్పేశాను. ఆవిడ గీసిన గీత చెరిపేశాను. ఆవిణ్ణి అందరూ అంటుంటే నోరు మూసుకున్నాను. పిల్లలకి అంతా వచ్చు." పంపేసి చూస్తూ కూర్చున్నాను. అందరూ చదివినట్టు గుర్తులు పడ్డాయి.

ఒక తల్లి రాసింది: "ఏ కుర్చీలండీ?"

వన్ టౌన్ ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఇంకొకరు మళ్ళీ దణ్ణం. ఆరేళ్ళు నేను మోసింది వీళ్ళకి గుర్తే లేదు. ఫోను మంచం మీదికి విసిరేశాను. ఇడ్లీ గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయి అడుగంటిన వాసన వస్తోంది.

స్టవ్వు కట్టేసి వచ్చేసరికి ఒక వీడియో వచ్చి ఉంది. లాస్య వాళ్ళ నాన్న. దాని కింద రాశాడు: "ఆ రోజు బి షిఫ్టుందని ఎంటనే ఎలిపోనాను. నానెల్లాక ఇంత మాటన్నారని నాకు తెలీదు. మేడమ్ సేతులు సూడండి."

తెరిచాను. పన్నెండు వీపులు, పిన్నీసులు, కేకలు. ఆ వీపుల అవతల, మా అందరికీ ఎదురుగా కనిపిస్తున్నది ఒక్క మొహం, బ్యానరు పక్కన. చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పాట మొదలు నుంచి చివరిదాకా ఆ చేతులు విప్పలేదు. ఒక్క వేలు కదపలేదు. పిల్లలు ఒక్కొక్కరే తనవైపు తిరుగుతుంటే రెప్ప వెయ్యకుండా చూస్తోంది, మొహమంతా నవ్వుతో.

పాట అయ్యాక ఫోను ముందుకి కదిలింది, ఆయన కూతురి దగ్గరికి నడిచి వెళ్ళాడు. ఆవిడ కట్టుకున్న చేతులు విప్పి, కూర్చుని, లాస్య పాదం అరచేతిలోకి తీసుకుంది. తలెత్తి, "ఏడెక్కిందయ్యా. పట్టుకు సూడు," అంది.

ఫోను పక్కనుంచి ఒక మోటు చెయ్యి వచ్చి ఆ పాదాన్ని పట్టుకుంది. వెనక ఎక్కడో, ఎవరికో సర్దిచెప్తూ నా గొంతు వినిపిస్తోంది.